ఇనుపచెత్త క్రింది చరిత్ర



భూమిలో దాగిన లోహమును పైనుండి కనిపెట్టవలెనను ఆశ మనవారికి క్రొత్తది కాదు. అంజనము వేసి బాలుని అరచేతిలో నిధిని చూపింతుమనువారును, పుల్ల చేతబట్టి పొలముచుట్టు తిరుగువారును, పాము తిరుగుచోటును బట్టి ధనపుజాడ చెప్పువారును మా చిన్నతనమున ఊరూరను ఉండిరి. వారి మాట నమ్మి త్రవ్వినవారికి దొరకినది చాలచోట్ల మన్నే. ఇప్పుడు అంజనమునకు మారుగా ఒక యంత్రము వచ్చినది. పొడవైన కఱ్ఱ, దాని చివర పళ్లెమువంటి తీగచుట్ట, చెవులకు తగిలించుకొను గొట్టములు: ఇంతే దాని స్వరూపము. ఆ పళ్లెమును నేలకు దగ్గఱగా ఊపుచు నడచినచో, క్రింద లోహమున్నచోట చెవిలో రొద పుట్టును. దీనిని లోహశోధక యంత్రమని వ్రాయవచ్చును గాని లోకము మెటల్ డిటెక్టరనియే పిలుచుచున్నది. ఈ యంత్రమును గూర్చియు, దానికి పుట్టినది మొదలు పగయైయున్న ఇనుమును గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని. నేను ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడనే కాని విద్యుచ్ఛాస్త్రము చదివినవాడను కాను. అందుచేత యంత్రపు కడుపులోని మర్మముకంటె అది నడచివచ్చిన దారియే నా నోట బాగుగా వచ్చును.

ఆ దారి ఒక రోగి మంచమువద్ద మొదలైనది.

1881వ సంవత్సరము జూలై 2వ తేదిని అమెరికా దేశాధ్యక్షుడైన జేమ్స్ గార్‌ఫీల్డు వాషింగ్టను నగరములో రైలుస్టేషనుకు వచ్చెను. ఆయన పదవిలోనికి వచ్చి నాలుగు మాసములైన నిండలేదు. ఉద్యోగము కోరి భంగపడిన గిటో అనువాడొకడు వెనుకనుండి రెండు గుండ్లు కాల్చెను. ఒకటి చేతిని రాసికొనిపోయెను. రెండవది వీపున దూరి లోపలనే నిలిచిపోయెను. ఆ గుండు ఎక్కడనున్నదో తెలియదు. దేహమును కోయకుండ లోపలిభాగమును చూపగల ఎక్స్‌కిరణములు 1895లో గాని లోకమునకు తెలియలేదు. కావున వైద్యులు తమ వ్రేళ్లను, ఇనుపశలాకలను గాయములో పోనిచ్చి వెదకిరి. చేతులు కడుగుకొనవలెనని లిస్టరు మహాశయుడు 1867లోనే లోకమునకు చాటియుండెను గాని అమెరికాలోని పెద్దవైద్యులలో పలువురు దానిని చాదస్తమనుకొనిరి. మన యిండ్లలో పురిటిగదిలోనికి పోవు ముసలమ్మ కాళ్లు చేతులు కడుగుకొని పోవును. ఆ మాత్రము ఆచారము అక్కడ ఆనాడు లేకపోయెను.

టెలిఫోనును 1876లో నిర్మించి కీర్తిగన్న అలెగ్జాండరు గ్రహాంబెల్లు అప్పటికి ముప్పదినాలుగేండ్లవాడు. అధ్యక్షుని అవస్థ పత్రికలలో చదివి ఆయన ఊరకుండలేకపోయెను. హ్యూసు అను శాస్త్రజ్ఞుడు 1879లో నిర్మించిన యొక పరికరము ఆయన తలపునకు వచ్చెను. రెండు జతల తీగచుట్టలను సరితూచినట్లు అమర్చి, వానికి టెలిఫోనును తగిలించినచో, తూకము సరిగా ఉన్నంతసేపు చెవిలో నిశ్శబ్దము. ఏదైన లోహము దగ్గఱకు వచ్చెనా తూకము చెడి ధ్వని పుట్టును. త్రాసులో చింతగింజ పడినను ముల్లు కదలినట్లన్నమాట. బెల్లును, ఆయన సహాయకుడైన టెయింటరును రాత్రింబవళ్లు శ్రమించి దానిని మెఱుగుపఱచిరి. మాంసపు తుంపులలో సీసపుగుండ్లు దాచి పరీక్షించిరి. అంతర్యుద్ధకాలమున తగిలిన గుండ్లు ఇంకను దేహములోనే యున్న పాతసైనికులను పిలిపించి పరీక్షించిరి. ఆ ముసలి సైనికుల దేహములలో గుండ్లు పలికినవి. అధ్యక్షుని దేహములో మాత్రము పలుకలేదు.

జూలై 26వ తేదిని మొదటి పరీక్ష. ఒక పరికరమును తప్పుగా కలుపుటచేత చెవిలో చిటపటలే వినవచ్చెను. ఆగస్టు 1వ తేదిని రెండవ పరీక్ష. ఈసారి ఒక తావునందు సన్నని ధ్వని వినవచ్చెనే కాని అది కొంత మేర వ్యాపించి, ఇది గుండు, ఇదిగో చోటు అని చెప్పుటకు వీలులేకుండెను. మఱునాడు బెల్లు విచారింపగా తెలిసినదేమనగా, రోగి పరుండిన గుఱ్ఱపువెండ్రుకల పరుపుక్రింద ఉక్కుతీగలతో అల్లిన పరుపు మఱియొకటి కలదట! లోహము ఏదియు మంచము దగ్గఱ ఉండరాదని ముందుగా చెప్పినను ఎవరికిని అది గుర్తురాలేదు.

ఇంతవరకు కథ చెప్పి చాలమంది ఆగిపోవుదురు. మంచపు ఉక్కు అడ్డుపడినందున గుండు దొరకలేదనియు, అందుచేత అధ్యక్షుడు మరణించెననియు తేల్చివేయుదురు. కథ చక్కగా అతికినది గనుక నూటనలువదేండ్లుగా నోటినుండి నోటికి నడచుచున్నది. కాని బెల్లు స్వయముగా 1882లో ప్రకటించిన వృత్తాంతమును చూడుడు. ఆయన ఆ పరుపువంటిదే మఱియొకటి తెప్పించి శోధించెను. ధ్వని వినవచ్చిన తావు మంచపు వైశాల్యముతో పోల్చిన మిక్కిలి చిన్నదగుటచేత, ఉక్కుపరుపు అంతగా హాని చేసియుండదనియే ఆయన యభిప్రాయపడెను. అయినచో లోపమెక్కడ? వైద్యులలో ప్రధానుడైన బ్లిస్సు, గుండు కుడిప్రక్కనే ఉన్నదని మొదటినాడే నిశ్చయించుకొని, ఆ ప్రక్కనే వెదకనిచ్చెను. సెప్టెంబరు 19వ తేదిని, అనగా గుండు తగిలిన 79వ దినమున, గార్‌ఫీల్డు మృతినొందెను. తరువాత దేహమును పరీక్షింపగా గుండు వెన్నెముకకు ఎడమవైపున చాల లోతున కనబడెను. అది అక్కడ కుదురుకొని హాని చేయకుండ నున్నది. ప్రాణము తీసినది గాయములోనికి వ్రేళ్లతోడను శలాకలతోడను చేరిన కుళ్లు అని తరువాతి వైద్యులు పలువురు తలచిరి. ఇనుపమంచము కేవలము నిర్దోషి యని నేననను. కాని ముందుగానే తీర్పు చెప్పుకొని సాక్ష్యము వెదకిన వైద్యుని నేరమును మంచముమీద మోపుట న్యాయము కాదు. ఆ యాగస్టు నెలలోనే బెల్లుకు కలిగిన మగబిడ్డ పుట్టిన కొలదికాలమునకే పోయినాడు. భార్య దూరముననుండ, ఆయన ఇతరుని ప్రాణముకొఱకు ఈ పనిలో నుండెను. గుండు దొరకకున్నను ఆ యంత్రము నిలిచినది.

ఇక ఇనుముతో దీనికి పగ యెందుకో కొంచెము చెప్పవలెను. యంత్రపు పళ్లెములోని తీగచుట్టలో విద్యుత్తు క్షణక్షణము దిశ మార్చుకొనుచు పాఱును. దానివలన చుట్టును అయస్కాంతశక్తి పెరుగుచు తరుగుచు నుండును. ఆ శక్తి నేలలోని లోహమును తాకినపుడు లోహములో చిన్న చిన్న విద్యుత్సుడులు పుట్టును. ఆ సుడులు మరల తమ అయస్కాంతశక్తిని పైకి పంపును. దానిని రెండవచుట్ట వినును. రాగి, వెండి, బంగారము మొదలగునవి ఈ విధముగా సుడులచేత మాత్రమే పలుకును. ఇనుమట్లు గాదు. అది విద్యుత్తును పాఱనిచ్చుటయే కాక తాను స్వయముగా అయస్కాంతమునకు లోబడు స్వభావము కలది. అందుచేత ఒకే నోట రెండు మాటలు పలుకును. రెండు మాటలవానిని నమ్ముట యెట్లు? తిరిగివచ్చిన ధ్వని ఎంత ఆలస్యముగా వచ్చినదో కొలిచి, ఇది ఇనుము, ఇది కాదు అని వేఱుచేయు యంత్రములు 1970వ దశకమునుండి బయలుదేఱినవి. మీట త్రిప్పితిరా, ఇనుము పలికినపుడు యంత్రము మూగవోవును.

నడుమ జరిగినదానిని త్వరగా చెప్పి ముందునకు పోయెదను. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫిషరు అను ఇంజనీరు, విమానములకు దారిచూపు రేడియోపరికరములను పరీక్షించుచు, కొన్నిచోట్ల అవి తప్పుత్రోవ చూపుటను గమనించెను. నేలలోని లోహములే అందుకు కారణమని ఊహించి చేతబట్టి నడువదగిన యంత్రమును చేసి 1937లో పేటెంటు పొందెను. ఒకని పనిలో చెఱుపు మఱియొక పనికి పెట్టుబడి యైనది. రెండవ ప్రపంచయుద్ధమున పోలెండు సైన్యాధికారియైన కొసాట్‌స్కీ 1941లో స్కాట్లండులో నుండి, నేలలో పాతిన మందుపాతరలను కనిపెట్టు యంత్రమును నిర్మించి బ్రిటిషు సైన్యమునకు ఉచితముగా ఇచ్చెను. 1942 అక్టోబరులో ఎల్ అలమైను ఎడారియుద్ధమున అవి ఎందఱి ప్రాణములనో కాపాడినవి. అప్పుడు జర్మనులు చేసినదేమి? కొయ్యపెట్టెలలోను, గాజుపాత్రలలోను మందు కూరి పాతిరి. మఱి గుండ్ల తునకలు చల్లినట్లు పడియున్న యుద్ధభూమిలో ఆ యంత్రము అడుగడుగునను అఱచును. ఏ యఱపు చావో, ఏ యఱపు చెత్తయో తెలియక సైనికుడు ప్రతిచోటను మోకరించి కత్తితో మన్ను గుచ్చి చూడవలసివచ్చెను. ఇనుపచెత్త యొక్క బాధ మొదట బాగుగా తెలిసినది వారికే.

యుద్ధము ముగిసిన తరువాత ఇట్టి యంత్రములు సామాన్యుల చేతికి వచ్చినవి. ఇంగ్లండులోను అమెరికాలోను సెలవునాడు యంత్రము భుజమున వేసికొని పొలములవెంట తిరుగుట పలువురకు వేడుకయైనది. పాతయిండ్లు కూలిన చోటులు, సంతలు సాగిన చోటులు, కమ్మరికొట్టములు ఉండిన చోటులు వారికి ఆశ పుట్టించును. జనము తిరిగినచోటనే కదా నాణెములు జాఱిపడుట! కాని అచ్చటనే ఇనుము కుప్పలుగా నుండును. ఒక యిల్లు కాలిపోయిన చోట మేకులే వేలు. మేకు ప్రక్కనే వెండికాసు పడియున్నచో, మేకు గొంతు కాసు గొంతును మ్రింగివేయును. ఇనుము మాట విననని యంత్రము చెవి మూసికొనినపుడు, ఆ ప్రక్కనున్న వెండి మాటయు వినబడకపోవును. ఇంతేకాదు. సోడాబుడ్డి రేకుమూత, వెడల్పైన తుప్పురేకు మంచిలోహమువలె తీయగా పలికి మోసగించును. పలుచని బంగారుటుంగరము, పారవేసిన అల్యూమినియము రేకు రెండును ఇంచుమించుగా ఒకే స్వరమున పలుకును. చెత్త వలదని మీట త్రిప్పినవాడు ఉంగరమును గూడ వలదన్నవాడే యగును.

అనుభవజ్ఞులు దీనికి చేయు ఉపాయములు మన రైతుల పనితనమును పోలియుండును. పెద్దపళ్లెమును మాని అఱచేయంత పళ్లెమును తగిలింతురు. అది ఒక్కసారి కొంచెము నేలనే చూచును గనుక మేకునకును కాసునకును నడుమనున్న సందు దానికి తెలియును. తొందరపడక మెల్లగా ఊపుదురు. తూర్పు పడమరలుగా నడచిన నేలనే మరల ఉత్తర దక్షిణములుగా నడతురు, అడ్డదుక్కి దున్నినట్లు. అన్నిటికంటె కష్టమైనది, ఫలమిచ్చునది, వినబడిన ఇనుమునెల్ల ఓపికతో త్రవ్వి తీసివేసి మరల మొదటినుండి వెదకుట. కలుపు తీసినగాని పైరు కనబడదు గదా.

ఇంగ్లండులో సఫోకు సీమయందు హాక్స్ని అను పల్లె కలదు. 1992 నవంబరులో అక్కడి కౌలురైతొకడు పొలములో సుత్తి పోగొట్టుకొనెను. ఉద్యోగవిరమణవేళ కానుకగా వచ్చిన లోహశోధకయంత్రము గల మిత్రుని పిలిచి సుత్తి వెదకిపెట్టుమనెను. ఇనుమును వెదకబోవువాడు ఇనుము వలదను మీట త్రిప్పడు గదా! ఆయన సుత్తికై వెదకుచుండగా మంచిధ్వని వినవచ్చెను. త్రవ్వగా వెండిగరిటెలు, బంగారునగలు, నాణెములు బయటపడెను. ఇక్కడ ఆ మనుష్యుని మెచ్చుకొనవలసినది ఒకటి కలదు. కొంత తీసిన వెంటనే ఆయన చేయి నిలిపెను. అధికారులకు వర్తమానము పంపెను. మఱునాడు పురావస్తుశాస్త్రజ్ఞులు వచ్చి, మిగిలినదానిని పెట్టె పెట్టెగానే ఎట్లు పాతబడియున్నదో అట్లే చూచి తీసిరి. సుమారు పదునైదువేల రోమను నాణెములు, రెండువందలవఱకు నగలును పాత్రలును. క్రీస్తుశకము అయిదవ శతాబ్ది ఆరంభమున, రోమను ప్రభుత్వము బ్రిటనునుండి తొలగుచున్న కలతదినములలో ఏదో ధనికకుటుంబము పాతిపెట్టిన సొత్తు అది. ప్రభుత్వము వెల కట్టించి పదునేడున్నర లక్షల పౌనులు ఇచ్చెను; కనుగొన్నవాడు దానిని రైతుతో పంచుకొనెను. సుత్తియు దొరకినది. దానిని గూడ బ్రిటిషు మ్యూజియమువారు పుచ్చుకొనిరి.

ఇది మంచికథ. ఇట్టి కథలకంటె నాకు ప్రీతియైనది వేఱొకటి. అందు బంగారము లేదు. అమెరికాలో మోంటానా సీమయందు లిటిల్ బిగ్ హార్న్ అను నదీతీరమున 1876 జూన్ 25వ తేదిని గొప్ప పోరు జరిగెను. లకోటా, షయాను మొదలగు ఆదివాసులు ఒకవైపు. కస్టరు అను దండనాయకుని గుఱ్ఱపుదళము ఒకవైపు. కస్టరుతో నేరుగా నున్న సుమారు రెండువందల పదిమందిలో ఒక్కడును బ్రతుకలేదు. చెప్పుటకు తమవాడెవడును మిగులనందున తెల్లవారు తమ యిష్టము వచ్చినట్లు కథ కట్టుకొనిరి: గుట్టపై వీరులు గుండ్రముగా నిలిచి కడపటి గుండువఱకు పోరాడి నేలకొఱగిరట. పోరులో గెలిచి బ్రతికిన ఆదివాసులు తాము చూచినది చెప్పుచునే యుండిరి. ఓడినవారి చిత్రపటములు గోడలకెక్కినవి. గెలిచినవారి మాట నూఱేండ్లు ఎవరి చెవికిని ఎక్కలేదు.

1983లో కార్చిచ్చు ఆ బయలును కాల్చివేసెను. గడ్డి పోయి నేల కనబడెను. 1984లోను 1985లోను డగ్లసు స్కాటు, రిచర్డు ఫాక్సు అను పురావస్తుశాస్త్రజ్ఞులు స్వచ్ఛందసేవకులచేత లోహశోధకయంత్రములు పట్టించి, కూలీలు వరుసగా నాట్లు వేసినట్లు పంక్తిగా నడిపించిరి. అంతవఱకు పురావస్తుశాస్త్రజ్ఞులకు ఈ యంత్రమనిన దొంగ చేతి కన్నపుకోలతో సమానము. ఇక్కడ విధి వేఱుగా నుండెను. ధ్వని వినబడినచోట చిన్నజెండా పాతి యంత్రమువాడు ముందుకు పోవలెను, త్రవ్వరాదు. వెనుక వచ్చువారు మెల్లగా త్రవ్వి వస్తువును కదల్పక చూపవలెను. ఆ వెనుక వచ్చువారు దాని తావును కొలిచి పటములో గుర్తింపవలెను. అటుపిమ్మటనే అది నేల విడువవలెను. తూటాల తొడుగులు, సీసపుగుండ్లు, ఇనుపబాణపుమొనలు, లాడములు, మేకులు, చిల్లరచెత్త, ఏదియు త్రోసివేయబడలేదు.

ఒక్కొక్క తుపాకి తన సుత్తిముల్లు గుర్తును తూటా తొడుగుమీద ముద్రవలె వదలును. ఆ ముద్రలను పోల్చిచూడగా, ఫలానా తుపాకి ఇక్కడ ప్రేలి, అటు జరిగి, మరల అక్కడ ప్రేలినది అని అడుగుజాడలవలె తెలిసివచ్చెను. ఆదివాసులవద్ద మరల మరల ప్రేలు తుపాకులు తెల్లవారు ఒప్పుకొన్నదానికంటె ఎక్కువగా నుండెననియు తెలిసెను. పెక్కుచోట్ల సైనికుల వరుస చెదరిపోయిన తీరు, షయాను, లకోటా వృద్ధులు చెప్పుచువచ్చిన దానికి సరిపోయెను. తూటా తొడుగునకు బజారులో వెల యెంత? కాని నూఱేండ్లు అబద్ధమనిపించుకొన్న ముసలివారి నోటిమాటను అది నిలబెట్టినది. ఆ తొడుగులను ఎవడో ఒక వేడుకకాడు ముందే ఏరి సంచిలో వేసికొని పోయినచో, వస్తువులు మిగిలియుండును, సాక్ష్యము మిగిలియుండదు. వస్తువుతోబాటు దాని తావుకూడ వస్తువే.

ఇనుపచెత్తయే చరిత్రయైన తావు స్కాట్లండులో మఱియొకటి కలదు. ఇంచ్‌టూథిల్ అనుచోట రోమనులు క్రీస్తుశకము 83 ప్రాంతమున పెద్దకోట కట్ట నారంభించి, నాలుగైదేండ్లకే విడిచిపోయిరి. 1950వ, 60వ దశకములలో రిచ్మండు అను పండితుడు అక్కడ త్రవ్వించగా, కమ్మరికొట్టపు నేలలో ఒక గోయి కనబడెను. అందు ఏడు టన్నుల ఇనుపమేకులు! లెక్కకు ఎనిమిది లక్షలకు పైమాట. మోసికొని పోలేరు, వదలిపోయినచో కొండజాతులు వానిని కరగించి కత్తులు చేసికొందురు, కావున పాతిపెట్టి మన్ను కప్పి పోయిరి. పైవరుస తుప్పుపట్టి గడ్డకట్టి లోపలి మేకులకు కవచమైనది; లోపలివి పందొమ్మిదివందల యేండ్ల తరువాత కొత్తవానివలె బయటికి వచ్చినవి. ఒక సామ్రాజ్యము తన యెల్లనుండి వెనుకకు తగ్గినపుడు దేనికి భయపడినదో ఆ గోయి చెప్పినంత స్పష్టముగా ఏ శాసనము చెప్పగలదు? బంగారమును పాతిన వాడు మరల వచ్చి తీసికొందునని పాతును. వీరు ఎన్నటికిని మరల రామని తెలిసి పాతిరి.

ఇప్పుడు మన నేలమీదికి వచ్చెదను.

కొన్నియేండ్ల క్రిందట మా గ్రామమునకు ముగ్గురు క్రొత్తవారు వచ్చిరి. పాడుపడిన దిబ్బమీద రాత్రివేళ యంత్రముతో తిరిగిరి. తెల్లవారుసరికి నడుములోతు గోతులు నాలుగు. వారు మాత్రము లేరు. గోతులప్రక్క వారు పారవేసిపోయినవి నేను చూచితిని: బండిచక్రపు ఇనుపకట్టు ముక్క, అరిగిన నాగటికఱ్ఱు, ఎద్దులాడము, చేటెడు చిట్టెము. దిబ్బపై కుండపెంకుల వరుసలు తలక్రిందులైనవి. ఏ పొరలో ఏ పెంకు ఉన్నదో ఇక ఎవరును చెప్పలేరు. గుప్తనిధులపేరిట గుడులలో గర్భాలయములను, నందివిగ్రహములను పెకలించిన వార్తలు మీరు పత్రికలలో చదువుచునే యున్నారు. అంజనగాడు తోడు వచ్చినపుడు గోయి ఒక్కటే; యంత్రము తోడు వచ్చిన తరువాత పలికినచోటనెల్ల గోయి. మన దిబ్బలలో పలుకునది తొంబదిపాళ్లు ఇనుమే.

ఆ చేటెడు చిట్టెమును గూర్చి చెప్పకుండ ఉండలేను. రాతినుండి ఇనుమును కరగించినపుడు మడ్డివలె విడిపడి గట్టిపడునది చిట్టెము. వైద్యులు దీనిని మండూరమందురు. నూఱేండ్లు నేలబడియున్న చిట్టెము ఉత్తమము, ఎనుబదేండ్లది మధ్యమము, అఱువదేండ్లది అధమము అని రసశాస్త్రజ్ఞులు వింగడించి, శుద్ధిచేసి పాండురోగమునకు మందుగా నిచ్చిరి. అనగా పాతచిట్టెపుదిబ్బ ఏ కాలపుదో తెలిసికొనవలసిన అవసరము మన వైద్యులకు పూర్వమే కలిగినది! నేటి పురావస్తుశాస్త్రజ్ఞుడు అడుగుచున్న ప్రశ్నయు అదియే.

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము పేరు మీలో కొందఱు వినియుందురు. అక్కడి కమ్మరులు మట్టిమూసలలో ఇనుమును మూసి, కొలిమిలో కరగించి చేసిన ఉక్కు పారసీకదేశమువఱకు పోయినది. వాయిసీ అను ఆంగ్లవైద్యుడు ఆ ఊరికి పోయి చూచిన వృత్తాంతము 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. ఇస్ఫహానునుండి వచ్చిన వర్తకుడొకడు అక్కడ నిలిచి ఉక్కు తూపించి కొనుచుండుటను ఆయన వ్రాసెను. డమాస్కసు కత్తులని లోకము పొగడిన కత్తులకు ఇట్టి దక్షిణదేశపు ఉక్కు కావలసివచ్చెను. తరువాత సీమనుండి చౌక ఇనుము వచ్చినది, బొగ్గుకొఱకు అడవి కొట్టుట కష్టమైనది, కొలుములు చల్లారినవి. కమ్మరులు వ్రాతపుస్తకములు విడిచిపోలేదు. వారు విడిచినది చిట్టెము, పగిలిన మూసల పెంకులు. 2010లో బెంగుళూరులోని ఉన్నతవిద్యాసంస్థవారును ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును కలిసి ఉత్తర తెలంగాణమున పల్లెపల్లె తిరిగి ఇట్టి తావులను వందలకొలది గుర్తించిరి. వారు వెదకినది బంగారము వెదకువాడు పారవేయు వస్తువునే.

కమ్మరి దాగలి ఎక్కడ నుండెనో కనుగొనుటకు ఒక సులభోపాయము కలదు. ఎఱ్ఱగా కాలిన ఇనుముపై సమ్మెట పడినపుడు సన్నని పొరలు రాలును. అవి దాగలి చుట్టును మన్నులో కలిసిపోవును. ఆ మన్నును అడుగుకొక పిడికెడు చొప్పున తీసి అయస్కాంతముతో తడవినచో, ఎక్కడి పిడికిలిలో పొరలెక్కువగా అంటుకొనునో అక్కడనే కమ్మరి నిలిచెనని యెఱుగవచ్చును. పురావస్తుశాస్త్రజ్ఞులు దీనిని నిజముగా చేయుచున్నారు. ఇందుకు వేలరూపాయల యంత్రము అక్కఱలేదు.

చట్టము మాట యొకటి చెప్పి ముగించెదను. 1878లో మన దేశమునకు నిక్షేపముల చట్టమొకటి ఏర్పడినది. నేలలో దాగిన సొత్తు పది రూపాయలకు మించిన విలువగలది దొరకినచో కలెక్టరునకు తెలుపవలెననియు, నూఱేండ్లకు లోపల పాతినవాని వారసులు లేరని తేలినచో, వేఱు ఒడంబడిక లేనపుడు, మూడుపాళ్లు కనుగొన్నవానికి, ఒకపాలు నేల యజమానికి చెందవలెననియు, ప్రభుత్వము తానే తీసికొనదలచినచో వస్తువు వెలకు అయిదవవంతు చేర్చి ఇచ్చి తీసికొనవచ్చుననియు అందున్నది. దాచినవానికి శిక్షయు కలదు. 1972లో చేసిన చట్టము నూఱేండ్లకు పైబడిన ప్రాచీనవస్తువుల వ్యాపారమును కట్టుదిట్టము చేసినది. ఇవి విలువ గలవానికి. చిట్టెమునకు పది రూపాయల వెల యెవడు కట్టును? కావున చిట్టెపుదిబ్బ కనబడినచోట రోడ్డుకాంట్రాక్టరు పార వేయును. బండ్లమీద తోలించి దారికి పఱపించును.

ఆ దిబ్బలు ఎక్కడెక్కడ ఉండెనో ప్రభుత్వపు పటములలో చాలవఱకు లేదు, మీకు తెలియును. చిట్టెపుచేను, కొలిమిదిబ్బ, కమ్మరికుంట యని పొలములకు పేర్లు మీ నోట నున్నవి. ఆ పేరు, సర్వేనంబరు, దిబ్బ యెత్తు ఎంత, మూసపెంకులు కనబడునా లేదా, ఈ నాలుగు మాటలు ఒక కాగితముమీద వ్రాసి జిల్లా పురావస్తుశాఖవారికి పంపుటకు బడిలోని పిల్లవాడు చాలును. దిబ్బమీద మొదటి పార పడకముందు ఆ కాగితము వారికి చేరవలెను.